కొత్త కార్డు - పాత మోటారు

సావనీరుకు ఏదైనా రాసివ్వమని విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, నాకు కథలు రావు, కవిత్వం అసలే రాదు అన్నాను. "నీకు వచ్చిందే రాయి" అన్నాడు. నాకు వచ్చినవి రెండే. ఒకటి మిరప చేను, రెండోది కంప్యూటరు. మొదటిది పుట్టుకతో వచ్చింది. రెండోది ఈ కాలేజీలో చేరాక అంటుకుంది. ఈ రెండూ కిందటి ఏడాది ఒక రాత్రి హాస్టలు గదిలో ఎదురెదురు పడ్డాయి. ఆ సంగతే రాస్తున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. ఒక అబద్ధం మాత్రం ఉంది.

మా హాస్టలు సంగతి మీకు తెలియనిది కాదు. కొత్త గ్రాఫిక్స్ కార్డు విడుదలైందంటే ఆ వారమంతా వరండాలో అదే చర్చ. సినిమాలు, రాజకీయాలు కూడా దాని ముందు వెలవెలబోతాయి. 2025 జనవరిలో అమెరికాలోని లాస్ వేగాస్ ప్రదర్శనలో ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ ఒక మాట అన్నాడు. 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070 కార్డు, 4090 కార్డుతో సమానంగా పనిచేస్తుందట. 4090 అంటే 2022 అక్టోబరులో 1,599 డాలర్లకు వచ్చిన కార్డు. పదహారు వందల డాలర్ల పని అయిదువందల యాభైకే! మన దేశంలో దాని ధర 59,000 రూపాయలని ప్రకటించారు. ఆ రాత్రి వరండాలో ఎవరూ పన్నెండింటి లోపు పడుకోలేదు. నాకైతే పడుకున్నా నిద్ర పట్టలేదు.

నా దగ్గర ఉన్నది ఒక సీనియరు వెళ్ళిపోతూ చౌకగా ఇచ్చిన కంప్యూటరు. అందులో జీటీఎక్స్ 1650 కార్డు ఉంది. అది 2019లో వచ్చిన రకం. మెమరీ 4 జీబీ. లెక్కలు చేసే చిన్న చిన్న కోర్లు 896. కొత్త 5070లో ఆ కోర్లు 6,144, మెమరీ 12 జీబీ. ఈ అంకెలు పక్కపక్కన రాసుకుని చూస్తే నా పెట్టె మీద నాకే జాలి వేసేది.

తెలియని వారికోసం అసలు ఈ కార్డు ఏమిటో నాలుగు మాటల్లో చెబుతాను. మామూలు కంప్యూటరు తెర మీద అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయి. మొత్తం 20 లక్షల 73 వేల 600. ఆటలో బొమ్మ కదిలిన ప్రతిసారీ ఇన్ని చుక్కలకూ రంగు లెక్క కట్టాలి. అయితే ఒక చుక్క లెక్క పక్క చుక్క కోసం ఆగనక్కర్లేదు. మిరప కోత కూడా అంతే కదా. ఈ సాలు కోసేవాళ్ళు ఆ సాలు కోసం ఆగరు. అలాంటి పనికి ఒక్క మహా పనిమంతుడి కంటే నలభై మంది మామూలు కూలీలు మేలు. గ్రాఫిక్స్ కార్డు ఆ కూలీల ముఠా అన్నమాట. ప్రాసెసరు ఏమో అన్ని పనులూ తెలిసిన మేస్త్రీ.

బొమ్మల కోసం పుట్టిన ఈ ముఠాను వేరే లెక్కలకు కూడా వాడుకునే దారి 2007లో కూడా అనే సాధనంతో సులువైంది. 2012లో టొరంటో విశ్వవిద్యాలయం వారు అలెక్స్‌నెట్ అనే ప్రోగ్రాముతో ఇమేజ్‌నెట్ పోటీలో అందరినీ వెనక్కి నెట్టారు. వారు వాడినవి ఆటల కోసం అమ్మే జీటీఎక్స్ 580 కార్డులు రెండు. ఒక్కోదానికి మెమరీ 3 జీబీ. అయిదారు రోజులు ఆగకుండా నడిపారు. ఈ నాటి కృత్రిమ మేధ సందడికి అదొక మొదలు. నా 4 జీబీ కార్డును చూసి సిగ్గుపడే రోజుల్లో ఈ సంగతి నాకు గుర్తుకు రాలేదు.

ఇంతకీ నాకు కార్డుతో పనేమిటంటే, నా ప్రాజెక్టు మిరప ఆకు తెగుళ్ళ మీద. ఆకు ఫొటో తీసి ఇస్తే అది పై ముడతో, కింది ముడతో, బూడిద తెగులో కంప్యూటరు చెప్పాలి. తామర పురుగు పడితే ఆకు పైకి ముడుచుకుంటుంది. నల్లి పడితే కిందికి ముడుచుకుంటుంది. రెండింటికీ మందులు వేరు. తెలియక ఒకదానికి బదులు ఒకటి కొడితే డబ్బూ పోతుంది, చేనూ పోతుంది. మా ఊళ్ళో అలా పోగొట్టుకున్న వాళ్ళను చూశాను. రెండు సీజన్లలో మా చేలోనూ చుట్టుపక్కల చేలలోనూ ఫోనుతో 4,800 ఫొటోలు తీశాను. వాటిని కంప్యూటరుకు ముప్పై సార్లు మొదటినుంచి చివరిదాకా చూపించి నేర్పాలి. ఒక్క విడతకు 11 నిమిషాలు పట్టేది. ముప్పై విడతలంటే అయిదున్నర గంటలు. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి.

అందుకని నాన్నకు ఫోను చేశాను. "ప్రాజెక్టుకు కొత్త కార్డు కావాలి నాన్నా. అది లేకపోతే ఇక సాగదు" అన్నాను.

ఇదే నేను చెప్పిన అబద్ధం. సాగదన్నది నిజం కాదు, నిదానంగా సాగుతోంది, అంతే. పైగా నా మనసులో సగం ప్రాజెక్టు ఉంటే, సగం వరండాలో అందరూ చెప్పుకునే ఆటలున్నాయి. ప్రాజెక్టు పేరు చెప్పాను, ఆటల పేరు చెప్పలేదు.

"ఎంతవుద్ది?" అన్నాడు.

"అరవై అయిదు వేలు" అన్నాను. కార్డు ఒక్కటే కాదు మరి. నా పాత కార్డు 75 వాట్లతో గడుపుకునేది. కొత్తది 250 వాట్లు తింటుంది. దానికి 650 వాట్ల పవర్ సప్లై ఉండాలని కంపెనీవారే చెబుతారు. అదీ కొనాలి.

కాసేపు మాట లేదు. "కాయ యార్డుకు వేశాక చూద్దాంలే" అన్నాడు.

ఆ ఏడు మిరప రైతుకు గడ్డు ఏడు. అంతకు ముందు క్వింటాలు ఇరవై వేల దాకా పలికిన కాయ, సగానికి పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం కలగజేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించిందంటే పరిస్థితి మీరే ఊహించుకోవచ్చు. ఆ లెక్కన నా అరవై అయిదు వేలు అయిదున్నర క్వింటాళ్ళ కాయ. మాకు ఆ ఏడు ఎకరానికి పదిహేడు క్వింటాళ్ళు వచ్చింది. అంటే ఎకరం పంటలో మూడో వంతు నా కార్డుకే. ఇందులో కోత కూళ్ళు, ఎరువులు, మందులు తీసెయ్యలేదు సుమా. ఈ లెక్క నేను ముందు వెయ్యలేదు. స్టాటిస్టిక్స్ విద్యార్థిని, 6,144ను 896తో భాగించాను గాని, 65,000ను 11,781తో భాగించాలని తోచలేదు.

మార్చి మొదటి వారంలో నాన్న కాయ వేసుకుని గుంటూరు యార్డుకు వచ్చాడు. అమ్మకం అయ్యేసరికి సాయంత్రమైంది. ఊరికి వెళ్ళే బస్సు తప్పిపోతే హాస్టలుకు వచ్చాడు. చొక్కా నిండా మిరప ఘాటు. గదిలోకి అడుగు పెట్టగానే మా రూమ్మేటు రెండుసార్లు తుమ్మాడు. నాన్న నవ్వి, లోపలి జేబులోంచి కాగితంలో చుట్టిన డబ్బు తీసి నా బల్ల మీద పెట్టాడు. తర్వాత కంప్యూటరు వైపు చూశాడు. దాన్ని ఆయన చూడటం అదే మొదటిసారి.

"ఇదేనా?"

"ఇదే నాన్నా."

"బాగానే తిరుగుతోందిగా. ఎక్కడ ఆగుతోంది?"

"ఆగటం కాదు నాన్నా, స్లో."

"అదే, ఏది స్లో?"

నాకు జవాబు రాలేదు. ఏది స్లో అని నేను ఎన్నడూ చూడలేదు. కార్డే స్లో అనుకున్నాను. వరండాలో అందరూ అదే అన్నారు.

నాన్న ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. ఆరేళ్ళ కింద ఒక వేసవిలో మా బోరులో నీళ్ళు తగ్గాయి. అప్పుడున్నది అయిదు హెచ్‌పీ మోటారు. ఏడున్నర వేస్తే గుంజుకొస్తుందని మెకానిక్కు చెప్పాడు. నాన్న నలభై వేలు అప్పు చేసి వేశాడు. స్టార్టరు, కేబులు కూడా మార్చాల్సి వచ్చింది. నాలుగు రోజులు నీళ్ళు బాగా వచ్చాయి. తర్వాత పది నిమిషాలు పొయ్యడం, గాలి కొట్టడం. బోరులో ఊరే నీళ్ళు ఊరినన్నే. మోటారు అంతకంటే జోరుగా తోడేస్తే అడుగు ఖాళీ అయి ఒట్టిగా తిరుగుతుంది. పదిహేనో రోజున వైండింగు కాలిపోయింది. ఆ అప్పు తీరడానికి రెండు పంటలు పట్టింది. "మోటారు లాగుద్ది గాని నీళ్ళు పుట్టించదు గదరా" అని నాన్న తర్వాత చాలాసార్లు అనేవాడు. నేను విన్నాను. విని ఊరుకున్నాను.

నాన్న నా మంచం మీద పడుకుని అయిదు నిమిషాల్లో నిద్రపోయాడు. బల్ల మీద డబ్బు అలాగే ఉంది. తెల్లారేలోగా ఆయన ప్రశ్నకు జవాబు చెప్పాలనిపించింది.

కార్డు ఎంత శాతం పని చేస్తోందో చూపించే చిన్న ఆజ్ఞ ఒకటి ఉంది, ఎన్‌విడియా-ఎస్ఎంఐ అని. ప్రాజెక్టు నడిపిస్తూ దాన్ని చూస్తూ కూర్చున్నాను. సున్నా శాతం. సున్నా. సున్నా. ఒక్కసారి తొంభై. మళ్ళీ సున్నా. ముందు ఆజ్ఞే తప్పనుకున్నాను. తర్వాత ప్రోగ్రాములో ఒక్కొక్క మెట్టుకూ సమయం రాయించాను. 11 నిమిషాలంటే 660 సెకన్లు. అందులో కార్డు పని చేసింది 100 సెకన్లే. మిగతా 560 సెకన్లు అది ఊరికే కూర్చుంది.

ఎందుకంటే నా ఫొటోలు ఫోనుతో తీసినవి, ఒక్కొక్కటి నాలుగు మెగాబైట్ల పైన. 4,800 ఫొటోలు కలిపి ఇరవై జీబీ. పాత హార్డు డిస్కులోంచి ఒక్కొక్క ఫొటో తెచ్చి, విప్పి, చిన్నగా కుదించి కార్డుకు అందించాలి. కార్డుకు కావలసింది 224 చుక్కల చదరపు బొమ్మ. ఈ కుదించే పని మేస్త్రీది, అంటే ప్రాసెసరుది. ప్రతి విడతలోనూ అవే ఫొటోలను మళ్ళీ మొదటినుంచి విప్పి కుదిస్తోంది. ముప్పై విడతలకు ముప్పై సార్లు! నలభై మంది కూలీలు కోతకు వచ్చి గట్టు మీద కూర్చున్నారు, గోతాలు అందించేవాడు ఒక్కడు. ఇప్పుడు నేను చేస్తానన్నదేమిటి? నాన్న డబ్బు పెట్టి ఇంకో రెండువందల మంది కూలీలను పిలుస్తానన్నాను.

క్లాసులో మా మాస్టారు ఆమ్డాల్ సూత్రం చెప్పారు. జీన్ ఆమ్డాల్ 1967లో చెప్పిన మాట. ఒక పనిలో ఒక భాగాన్ని ఎంత వేగం చేసినా, మిగతా భాగానికి పట్టే సమయం అలాగే ఉంటుంది, మొత్తం లాభం దాన్ని దాటదు. పరీక్షలో దానికి నాకు పూర్తి మార్కులు వచ్చాయి. ఆ రాత్రి కాగితం మీద మళ్ళీ వేశాను. కొత్త కార్డు పది రెట్లు వేగమనుకుందాం. 100 సెకన్లు 10 అవుతాయి. 560 అలాగే ఉంటాయి. మొత్తం 570 సెకన్లు, అంటే తొమ్మిదిన్నర నిమిషాలు. పదకొండు నిమిషాల పని తొమ్మిదిన్నరకు వస్తుంది. దానికి అయిదున్నర క్వింటాళ్ళు.

ఇరవై వరుసల ప్రోగ్రాము రాశాను. ఫొటోలన్నింటినీ ఒకే ఒక్కసారి కుదించి వేరే ఫోల్డరులో దాచమని. పది నిమిషాల్లో అయిపోయింది. ఇరవై జీబీ నూటయాభై ఎంబీ అయింది. మళ్ళీ నడిపించాను. ఒక విడత రెండు నిమిషాల అయిదు సెకన్లు. నమ్మకం కలగక రెండోసారి నడిపించాను. అంతే. ముప్పై విడతలు గంటా రెండు నిమిషాలు. అయిదున్నర గంటల పని గంటలోకి వచ్చింది. ఖర్చు సున్నా. అదే పాత కార్డు, ఇప్పుడు తొంభై శాతం దగ్గర నడుస్తోంది. ఫ్యాను మోత పెరిగింది. నాన్న నిద్రలో అటు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్నే డబ్బు ఆయన చేతికిచ్చాను. "వద్దు నాన్నా, కార్డు వల్ల కాదు ఆగేది" అని జరిగింది చెప్పాను. ఆయనకు ఎంతవరకు అర్థమైందో తెలియదు. "మరి మొన్న అది లేకపోతే సాగదన్నావు?" అన్నాడు.

"అప్పుడు కొలవలేదు నాన్నా."

బస్టాండులో టీ తాగుతుండగా మిగతా సగం కూడా చెప్పేశాను. ఆటల కోసం కూడా అడిగానని. తిడతాడనుకున్నాను. గ్లాసు కింద పెట్టి, బస్సుల వైపు చూస్తూ అన్నాడు: "ఏడున్నర మోటారు నేనూ నీళ్ళకోసమే పెట్టానా? పక్క చేనోడు పెట్టాడని పెట్టా. మీ అమ్మకు ఇప్పటికీ చెప్పలా."

ఆ డబ్బు ఎరువుల కొట్టు బాకీకి పోయింది. అయిదువందలు మాత్రం నా జేబులో కుక్కి బస్సెక్కాడు.

ఇది చదివి కొత్త కార్డులు కొనడమే దండగని నేనంటున్నానని అనుకోవద్దు. మా క్లాసుమేటు ఒకడు తన యంత్రం మీదే భాషా నమూనా నడపాలనుకున్నాడు. అందులో 700 కోట్ల పరామితులున్నాయి. ఒక్కోదానికి రెండు బైట్లంటే 14 జీబీ కావాలి. ఒక్క బైటుకు కుదిస్తే 7 జీబీ. నా కార్డులాంటి 4 జీబీలో అది పట్టనే పట్టదు. ఎంత ఓపిక పట్టినా పట్టదు. అక్కడ ఆగుతున్నది నిజంగా కార్డే. వాడు కొన్నది సరైన పని. అది కూడా కొత్తది కాదు, 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060, సెకండ్ హ్యాండుది. దానికి మెమరీ 12 జీబీ. రెండేళ్ళ తర్వాత, 2023లో వచ్చిన 4060కి 8 జీబీయే. 4060 ఆటల్లో కొంచెం చురుకైనదే, కరెంటు కూడా తక్కువ తింటుంది, 170 వాట్లకు బదులు 115. కాని వాడికి కావలసింది చోటు. పేరులో పెద్ద అంకె ఉన్నదాన్ని కొనుంటే చోటు తగ్గేది.

లాస్ వేగాస్ మాటకు కూడా అర్థం తర్వాతే తెలిసింది. 5070, 4090తో సమానమన్నది ఆటలో తెర మీద కనిపించే ఫ్రేముల లెక్క. నాలుగు ఫ్రేముల్లో ఒకటి కార్డు నిజంగా గీస్తే, మిగతా మూడు దాకా కృత్రిమ మేధతో మధ్యలో కల్పిస్తారు. కృత్రిమ మేధ లేనిదే ఇది సాధ్యం కాదని ఆయన ఆ వేదిక మీదే అన్నాడు కూడా. మేమే ఆ ముక్క వినిపించుకోలేదు. ఆట ఆడేవాడికి ఆ ఫ్రేములు కంటికి ఇంపే. నా మిరప ఆకులకు అవి ఎందుకూ పనికిరావు. 4090 మెమరీ 24 జీబీ, 5070ది 12. అది ఏ మాటతోనూ సమానం కాదు.

చివరగా ప్రాజెక్టు సంగతి. వేగం వచ్చాక తెలిసిందేమిటంటే, నా ప్రోగ్రాము బూడిద తెగులును బాగానే పట్టేస్తోంది గాని పై ముడతనూ కింది ముడతనూ కలిపేస్తోంది. నాకు అసలు కావలసింది అదే! ఇదివరకైతే పెద్ద కార్డు ఉంటే పెద్ద నమూనా నడిపేవాణ్ణని అనుకునేవాణ్ణి. ఈసారి ఫొటోలు ఒక్కొక్కటి చూశాను. దాదాపు అన్నీ నిలబడి పైనుంచి తీసినవే. పైనుంచి చూస్తే ఏ ముడతైనా ఒకలాగే ఉంటుంది. మా నాన్న చేలో ఏం చేస్తాడు? వంగి ఆకు తిప్పి చూస్తాడు. నేను వంగలేదు. తర్వాతి సీజనులో వంగి, ఆకు తిప్పి, 900 ఫొటోలు తీశాను. పాత కార్డుతోనే నేర్పాను. ఇప్పుడు తప్పులు బాగా తగ్గాయి. ఇంకా ఉన్నాయి, దిద్దుతున్నాను.

ఈ ఏడాది కొత్తగా చేరిన తమ్ముళ్ళు కార్డు కొనాలా వద్దా అని నన్ను కూడా అడుగుతుంటారు. నేను ఏ కార్డూ చెప్పను. "ఇప్పుడున్నది ఎక్కడ ఆగుతోంది?" అంటాను. "స్లో అన్నా" అంటారు. "ఏది స్లో?" అంటాను. సగం మంది చూసి చెప్తానని వెళ్ళిపోతారు. వారిలో కొందరు తిరిగి రారు. బహుశా వాళ్ళకు జవాబు దొరికే ఉంటుంది.

దీనివల్ల నాకు జరిగిన నష్టం ఒక్కటే. హాస్టల్లో ఇప్పుడు నన్ను పేరుతో ఎవరూ పిలవరు. "మోటారు" అంటున్నారు.